మంత్రం ఒక్కరికే... మరి మిగతా ఇద్దరికీ?

మంత్రదండం తిప్పితే చాలు, కోరింది కళ్లముందుంటుంది. కానీ ఆ దండం చివరికి ముగ్గురు తోబుట్టువుల్లో ఒక్కరికే మిగులుతుంది. ఈ చిక్కుముడి చుట్టూ కథ అల్లి, నాలుగేళ్లకు పైగా పిల్లల్నీ పెద్దల్నీ ఒకే సోఫాలో కూర్చోబెట్టి నవ్వించిన ధారావాహిక 'విజార్డ్స్ ఆఫ్ వేవర్లీ ప్లేస్'. ఆ నవ్వుల వెనక ఏముందో చూద్దాం రండి!

పంపకాలంటే ఇల్లూ పొలమూ బంగారమూ గుర్తొస్తాయి. వాటినైతే ముక్కలు చేయొచ్చు. కుదరకపోతే లెక్కకట్టి డబ్బు రూపంలో సర్దుకోవచ్చు. అసలు పంచడానికే వీల్లేని ఆస్తి అయితే? ముగ్గురికీ పుట్టుకతో వచ్చిందే. ముగ్గురూ చిన్నప్పట్నుంచీ వాడుకుంటున్నదే. ఓ రోజు పోటీ పెట్టి, నెగ్గినవాళ్లకు మొత్తం ఇచ్చేసి, మిగతా ఇద్దరి దగ్గర్నుంచీ లాగేసుకుంటామంటే? రూసో వారింట్లో ఎదురైన సమస్య సరిగ్గా ఇదే.

న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే ప్రాంతముంది. అక్కడి ఓ వీధి పేరు వేవర్లీ ప్లేస్. ఆ వీధిలో జెర్రీ, థెరిసా దంపతులు 'వేవర్లీ సబ్ స్టేషన్' పేరుతో శాండ్‌విచ్‌లు అమ్ముకుంటూ ఉంటారు. పొడవాటి శాండ్‌విచ్‌ని అక్కడివాళ్లు 'సబ్' అంటారు. న్యూయార్క్‌లో భూమి కింద నడిచే రైలేమో సబ్‌వే. రెండూ కలిసొచ్చేలా దుకాణాన్ని రైల్వేస్టేషన్‌లా అలంకరించారన్నమాట. వీధి నిజమైందే, దుకాణం మాత్రం కల్పన. చిత్రీకరణ అంతా లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో జరిగింది.

ఆ దంపతులకు ముగ్గురు పిల్లలు... జస్టిన్, అలెక్స్, మ్యాక్స్. చూసేవాళ్లకి మామూలు పిల్లలే. దుకాణం వెనక ఉన్న చల్లటి గది తలుపు తీసి లోపలికెళ్తే తెలుస్తుంది అసలు సంగతి. అక్కడుంటుంది వాళ్ల మంత్రశాల. దుమ్ము పట్టిన పుస్తకాలూ వింత వస్తువుల మధ్య నాన్న ముగ్గురికీ మంత్రాలు నేర్పిస్తుంటాడు. బళ్లో పాఠాలు చాలవన్నట్టు ఇంట్లో ఇదో ట్యూషన్!

నాన్న వదులుకున్న గెలుపు

మాంత్రికుల లోకంలో ఓ కట్టుబాటు ఉంది. ఒక తరంలో ఒక ఇంటికి పూర్తిస్థాయి మాంత్రికులు ఒక్కరే ఉండాలి. అందుకే తోబుట్టువులు శిక్షణ ముగించుకుని పోటీపడాలి. నెగ్గినవాళ్లే 'కుటుంబ మాంత్రికులు'. ఓడినవాళ్లు ఆ క్షణం నుంచి మామూలు మనుషులు. చిన్నప్పుడు ఆడుకున్న మంత్రాలన్నీ జ్ఞాపకాలుగా మిగిలిపోతాయి.

మరి పాఠాలు చెబుతున్న నాన్న సంగతేంటి? ఆయన చేతిలో పూచికపుల్లంత మంత్రం కూడా లేదు. అలాగని పోటీలో ఓడిపోలేదు. ఒకప్పుడు నెగ్గినవాడే. అయితే మనసు పడింది థెరిసా మీద. ఆమె మామూలు మనిషి. మాంత్రికులు మామూలు మనుషుల్ని పెళ్లాడకూడదన్నది ఇంకో కట్టుబాటు. జెర్రీ ఎక్కువ ఆలోచించలేదు. శక్తులన్నీ తమ్ముడు కెల్బోకి ఇచ్చేసి పెళ్లి చేసుకున్నాడు. కెల్బోనేమో ఎంత వయసొచ్చినా బాధ్యత పట్టని సరదా బాబాయి. అపురూపమైన శక్తి అలాంటివాడి చేతిలో ఉంటే, దాన్ని గెలుచుకున్న అన్న దుకాణంలో రొట్టెలు కోస్తుంటాడు. అయినా బాధపడుతూ కూర్చోడు. తన దగ్గర లేని విద్యనే పిల్లలకు నేర్పుతాడు, వాళ్లు తప్పుచేస్తే కేకలేస్తాడు.

ఈ నేపథ్యాన్ని కథారచయితలు హాస్యం మాటున చెప్పి వదిలేశారు. ఆలోచించే కొద్దీ బరువుగా తోస్తుంది. ముగ్గురికీ సమానంగా నేర్పించేటప్పుడే, వాళ్లలో ఇద్దరికి ఆ చదువు ఎందుకూ పనికిరాదని ఆ తండ్రికి తెలుసు. తెలిసీ ఎవరికీ ఒక్క పాఠం తక్కువ చెప్పడు.

బుద్ధిమంతుడు, గడుగ్గాయి, ఆఖరివాడు

పెద్దవాడు జస్టిన్. ఏ పాఠమైనా ఒక్కసారి వింటే చాలు. మంత్రాల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివేస్తాడు. నియమం తప్పడం ఇష్టముండదు. ఆ మాటకొస్తే తను తప్పడని పదిమందికీ తెలియాలన్న తాపత్రయమూ ఎక్కువే.

నడిమిది అలెక్స్. చదువంటే బద్ధకం, పనంటే ఒళ్లు నొప్పి. బుర్ర మాత్రం పాదరసం. పది నిమిషాల్లో అయ్యే పనిని తప్పించుకోవడానికి రెండు గంటలు పథకం వేయగల ఘటికురాలు. మొదటి ఎపిసోడ్‌లోనే ఆ పిల్ల తీరు అర్థమైపోతుంది. బట్టల దుకాణంలో పది నిమిషాల ప్రత్యేక అమ్మకం పెట్టారు. ఇంట్లోవాళ్లు వెళ్లొద్దన్నారు. ఇంకేముంది, తనలాంటి మరో అలెక్స్‌ని మంత్రంతో సృష్టించి ఇంట్లో కూర్చోబెట్టి తాను చెక్కేసింది. ఆ నకిలీ అలెక్స్ నకిలీలాగే ప్రవర్తించి గుట్టంతా రట్టు చేసింది.

ఆఖరివాడు మ్యాక్స్. వాడి లోకం వాడిది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాడూ ఎవర్నీ పట్టించుకోడు.

ముగ్గురు పిల్లలున్న ఏ ఇంట్లోవాళ్లైనా ఈ ముగ్గుర్నీ వెంటనే గుర్తుపడతారు. పెద్దాడి మీద ఆశలు, నడిమిదాని మీద అరుపులు, చిన్నోడి మీద 'వాడికేం తెలుసులే' అన్న ధీమా! మంత్రాలు తీసేసినా కథ నిలబడటానికి కారణం ఈ పోలికే.

మంత్రాలకు చింతకాయలు రాలవు!

ఈ ధారావాహికలో మంత్రం వేసి బాగుపడినవాళ్లు అరుదు. వేసిన మంత్రం ఎక్కడో వికటిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి ఇంకోటి వేస్తారు. అది ఇంకా పెద్ద గొడవ తెస్తుంది. చివరికి అమ్మానాన్నల ముందు తలదించుకుని నిలబడటంతో కథ ముగుస్తుంది. ఓసారి అన్నా అక్కా మ్యాక్స్‌ని ఎవరికి వారు తమవైపు తిప్పుకోవాలని చూశారు. ఆ మంత్రాల లాగులాటలో వాడు కాస్తా చిన్న ఆడపిల్లగా మారిపోయాడు. కొన్ని ఎపిసోడ్ల పాటు ఆ పాత్రలో బెయిలీ మ్యాడిసన్ అనే బాలనటి కనిపించింది.

ఇంతమంది మంత్రగాళ్ల మధ్య నిజమైన పెత్తనం మాత్రం ఏ శక్తీ లేని థెరిసాదే. మెక్సికన్ మూలాలున్న కుటుంబం ఆమెది, జెర్రీది ఇటలీ మూలాలున్న కుటుంబం. థెరిసాకి మంత్రాలంటే అంతగా గిట్టదు. పిల్లలు చేసే మాయ కనిపెట్టడానికి ఆమెకు వాళ్ల మొహం చూస్తే చాలు.

తల్లీకూతుళ్ల మీద అల్లిన ఓ ఎపిసోడ్‌ని చాలామంది ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల్లో ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండితే 'కిన్సెన్యేరా' అనే వేడుక ఘనంగా చేస్తారు. మన ఓణీల ఫంక్షన్ లాంటిదన్నమాట. చిన్నతనంలో తనకు ఆ ముచ్చట తీరలేదని థెరిసాకు వెలితి. కూతురికైనా చేయాలని ఆరాటం. అలెక్స్‌కేమో ఆ గౌన్లూ నాట్యాలూ అంటే చిరాకు. మంత్రంతో ఇద్దరూ ఒకరి శరీరంలోకి ఒకరు మారిపోతారు. కూతురి రూపంలో తల్లి తన వేడుక తనే చేసుకుంటుంది! ఎప్పుడూ తన సుఖం కోసమే మంత్రం వాడే అలెక్స్, ఆ ఒక్కసారి అమ్మ కోసం వాడింది.

మంత్రాల్లేని మరో ముఖ్యమైన మనిషి హార్పర్. అలెక్స్ ప్రాణస్నేహితురాలు. పళ్లూ తినుబండారాల బొమ్మలతో చిత్రవిచిత్రమైన బట్టలు తనే కుట్టుకుని వేసుకుంటుంది. చాలాకాలం ఆమెకు ఈ ఇంటి రహస్యం తెలియదు. రెండో సీజన్‌లో తెలిశాక కూడా స్నేహంలో తేడా రాలేదు. అందుకే ఆ ఇంట్లో నాలుగో బిడ్డయిపోయింది.

కట్టుబాటే తప్పయితే?

ముగ్గురిలో ఇద్దరికి అన్యాయం చేసే ఈ పద్ధతిని ఎవరూ ప్రశ్నించరా? చూసేవాళ్లకు వచ్చే ఈ అనుమానం రచయితలకూ వచ్చింది. 2010లో ప్రసారమైన మూడో సీజన్‌లో స్టీవీ అనే అమ్మాయిని ప్రవేశపెట్టారు. ఆమెదీ మాంత్రిక కుటుంబమే. పోటీలో తమ్ముడు నెగ్గాడు. అయినా తన శక్తులు వాడికిచ్చేది లేదని తప్పించుకు తిరుగుతుంటుంది. తోబుట్టువులందరూ శక్తులు ఉంచుకునేలా మొత్తం వ్యవస్థనే కూలదోయాలని ఆమె పథకం. అలెక్స్‌నీ కలుపుకోవాలని చూస్తుంది.

స్టీవీ వాదనలో తప్పేముంది అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు ధారావాహిక సూటిగా జవాబు చెప్పలేదు. అలెక్స్ ఆమెతో కలిసినట్టే నటించి, చివరి నిమిషంలో అడ్డుకుంటుంది. స్టీవీ దుష్టపాత్రగా ముగిసిపోతుంది, కట్టుబాటు అలాగే నిలుస్తుంది. పిల్లల కార్యక్రమానికి అంతకుమించిన తిరుగుబాటు బరువనుకున్నారేమో! అయితే ప్రశ్న మాత్రం చూసినవాళ్ల మనసులో ఉండిపోయింది.

గెలిచి... వెనక్కిచ్చేసి!

2009 ఆగస్టు 28న ఇదే కుటుంబంతో టీవీ సినిమా వచ్చింది. ప్యూర్టోరికోలో తీశారు. అమ్మానాన్నలు మొదటిసారి కలుసుకున్న కరీబియన్ ప్రాంతానికి అందరూ సెలవులకెళ్తారు. అక్కడ తల్లితో గొడవపడిన అలెక్స్ కోపంలో నోరు జారుతుంది... అసలు మీరిద్దరూ కలవకపోయినా బాగుండేదని. చేతిలో మంత్రదండం ఉంది. అన్నమాట నిజమైపోయింది! జెర్రీ, థెరిసా ఒకరికొకరు తెలియనివాళ్లయిపోయారు. వాళ్లే కలవకపోతే పిల్లలెక్కడ? ముగ్గురూ మెల్లగా మాయమైపోయే గండం వచ్చిపడింది.

అది తప్పాలంటే ఎవరో ఒకరు పూర్తిస్థాయి మాంత్రికులు కావాలి. దాంతో పోటీ ముందే జరిగిపోతుంది. అన్న కళ్లెదుటే ఉంటాడు, చెల్లెలెవరో మర్చిపోయి. చివరికి అలెక్స్ నెగ్గుతుంది. ఆమె జీవితమంతా తప్పించుకు తిరిగిన చదువు, శ్రమ లేకుండానే సర్వశక్తులూ చేతికొచ్చాయి. అయితే ఆ శక్తితో చేసిన మొదటి పని కాలాన్ని వెనక్కి తిప్పడం. కుటుంబం తిరిగొచ్చింది. ఆ గెలుపు మాత్రం జరగనే లేదన్నట్టు తుడిచిపెట్టుకుపోయింది.

అమెరికాలో ఈ సినిమాను తొలిరోజే కోటీ పద్నాలుగు లక్షల మంది చూశారు. 2009లో ధారావాహికకు, 2010లో సినిమాకు, 2012లో మళ్లీ ధారావాహికకు ఉత్తమ బాలల కార్యక్రమంగా ప్రైమ్‌టైమ్ ఎమ్మీ పురస్కారాలు దక్కాయి.

ఆఖరి పోటీ

నాలుగో సీజన్ మొదట్లోనే కథ పెద్ద మలుపు తిరిగింది. మాంత్రికుల రహస్యాన్ని అలెక్స్ లోకానికి చెప్పేస్తుంది. తీరా చూస్తే అదంతా పెద్దలు పెట్టిన పరీక్ష! అందులో తప్పిన అలెక్స్‌నీ జస్టిన్‌నీ మొదటి తరగతికి దించేస్తారు. ఎవరూ లెక్కచేయని మ్యాక్స్ అందరికంటే ముందుకొచ్చేస్తాడు. ఏళ్ల తరబడి కష్టపడి చదివిన అన్న, ఏనాడూ చదవని చెల్లెలు ఒకే బెంచీ మీద!

2012 జనవరి 6న గంట నిడివితో చివరి ఎపిసోడ్ ప్రసారమైంది. దాదాపు 98 లక్షల మంది చూశారు. అసలు పోటీ ఇదే. ముగ్గురూ బరిలో దిగారు. అడ్డంకులన్నీ దాటుకుని మొదట బయటికొచ్చింది జస్టిన్. కుటుంబ మాంత్రికుడు అతనేనని ప్రకటించారు కూడా. ఇన్నేళ్ల కష్టానికి ఫలితం దక్కిందని చూసేవాళ్లు అనుకునేలోపు జస్టిన్ నోరు విప్పాడు. దారిలో తాను చిక్కుకుపోతే, ముందున్న అలెక్స్ వెనక్కొచ్చి విడిపించిందనీ, లేదంటే ఆమే ముందు వచ్చేదనీ చెప్పేశాడు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

దాంతో అలెక్స్ కుటుంబ మాంత్రికురాలైంది. మాంత్రికుల పాఠశాల 'విజ్‌టెక్' ప్రధానాచార్యుడు ప్రొఫెసర్ క్రంబ్స్ తన పదవిని జస్టిన్‌కి అప్పగించి విశ్రాంతి తీసుకున్నాడు. ఆ హోదాతో అతని శక్తులూ నిలిచాయి. మ్యాక్స్‌కి మంత్రాలు పోయాయి. ముందుముందు నాన్న దుకాణం చూసుకునే బాధ్యత వాడికొచ్చింది.

ఈ ముగింపు అప్పట్లో కొందరికి నచ్చలేదు. రాత్రీ పగలూ చదివినవాణ్ణి కాదని బద్ధకస్తురాలికి బహుమతి ఇవ్వడమేంటి? పరీక్షల కోసం పిల్లల్ని తెల్లవారుజామున లేపే తల్లిదండ్రులకు ఈ అభ్యంతరం సహజమే. అయితే కథ మొదట్నుంచీ చూస్తే ఒక సంగతి తడుతుంది. ఈ ఇంట్లో గెలిచినవాళ్లంతా ఆ గెలుపును చేతులారా వదులుకున్నారు. తండ్రి పెళ్లి కోసం, కూతురు కుటుంబం కోసం, కొడుకు నిజం కోసం. తండ్రి చెప్పిన పాఠాల్లో అలెక్స్‌కి ఎన్ని ఒంటబట్టాయో తెలియదు కానీ, అన్న కోసం వెనక్కి తిరిగిన ఆ కొద్ది క్షణాలు మాత్రం ఆ పాఠశాల మొత్తానికీ సరిపోయేవే. అలాగని అంతా న్యాయంగా ముగిసిందనీ అనలేం. పెద్దవాళ్లిద్దరికీ ఏదో దారి దొరికింది. చిన్నవాడి శక్తులు పోయినప్పుడు కథ నవ్వుతూ ముందుకెళ్లిపోయింది. ఆఖరివాళ్లకు ఇది అలవాటే!

మాయింటి పాత చుట్టాలు

మంత్రాలతో ఇంటిల్లిపాదినీ నవ్వించడం వీళ్లతోనే మొదలవలేదు. అమెరికాలో 1964 నుంచి 1972 వరకూ ఎనిమిది సీజన్ల పాటు నడిచిన 'బివిచ్డ్'లో సమంతా అనే మంత్రగత్తె ఓ మామూలు ఉద్యోగిని పెళ్లాడుతుంది. ఇంట్లో మంత్రాలు వాడొద్దని భర్త పట్టుబడతాడు, ఆమె ముక్కు కదిపి చాటుగా వాడుతూనే ఉంటుంది. 'విజార్డ్స్...' దగ్గరికొచ్చేసరికి ఆ కథ తిరగబడింది. ఇక్కడ మామూలు మనిషి భార్య, శక్తులు వదులుకున్నది భర్త! 1996 నుంచి 2003 వరకూ వచ్చిన 'సబ్రీనా'లో పదహారేళ్ల పిల్ల ఇద్దరు అత్తల దగ్గర మంత్రాలు నేర్చుకుంటుంది. దాని స్ఫూర్తితోనే 2003లో హిందీలో 'శరారత్' వచ్చింది. అందులో ఫరీదా జలాల్ చేసిన మంత్రాల అమ్మమ్మని హిందీ ఛానళ్లు చూసే మన ఇళ్లలోనూ చాలామంది మర్చిపోలేదు.

'విజార్డ్స్...' మొదలైంది 2007 అక్టోబరు 12న. హ్యారీపోటర్ చివరి పుస్తకం విడుదలై అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. పిల్లలంతా మంత్రదండాల మత్తులో ఉన్న సమయం. అంతకుముందు 'హన్నా మోంటానా'కు పనిచేసిన టాడ్ జె. గ్రీన్‌వాల్డ్ ఈ కథ సృష్టికర్త. పోటర్ లోకంలో రాకాసి కోటలుంటే, ఈయన మంత్రాల్ని శాండ్‌విచ్ దుకాణంలోకి తెచ్చాడు. నాలుగు సీజన్లు, 106 ఎపిసోడ్లు నడిచిందంటే కారణం ఆ దుకాణం వాసనే.

ఆ పిల్లలు ఇప్పుడు?

మొదటి ఎపిసోడ్ వచ్చేనాటికి అలెక్స్ పాత్రధారి సెలీనా గోమెజ్‌కి పదిహేనేళ్లు. ముఖచిత్రంలా కనిపించే పరిచయ గీతం కూడా ఆమే పాడింది. తర్వాత గాయనిగా, నటిగా ప్రపంచమంతా తెలిసింది. ల్యూపస్ వ్యాధితో పోరాడి 2017లో మూత్రపిండం మార్పిడి చేయించుకుంది. స్నేహితురాలే దాత. జస్టిన్‌గా చేసిన డేవిడ్ హెన్రీ అదే కాలంలో 'హౌ ఐ మెట్ యువర్ మదర్'లో సోఫాలో కూర్చుని తండ్రి కథ వినే కొడుకుగానూ కనిపించాడు. హార్పర్‌గా నవ్వించిన జెన్నిఫర్ స్టోన్ చదువుకుని నర్సయింది. మ్యాక్స్ పాత్రధారి జేక్ టి. ఆస్టిన్ మొదలుపెట్టేనాటికి పన్నెండేళ్ల పిల్లాడు. వాళ్లు తెరమీదే పెద్దవాళ్లయ్యారు.

2013లో డేవిడ్ హెన్రీ లేకుండా మరో ప్రత్యేక ఎపిసోడ్ చేశారు. ఆ తర్వాత పదకొండేళ్లకు, 2024 అక్టోబరు 29న 'విజార్డ్స్ బియాండ్ వేవర్లీ ప్లేస్' పేరుతో కొత్త ధారావాహిక మొదలైంది. రెండో సీజన్ 2025 సెప్టెంబరులో వచ్చింది. ఇందులో జస్టిన్‌కి పెళ్లయింది, ఇద్దరు కొడుకులు. స్టాటెన్ ఐలాండ్‌లో ఓ బడికి ఉపప్రధానోపాధ్యాయుడు. చిత్రమేమిటంటే, అంత కష్టపడి నిలబెట్టుకున్న మంత్రాల్ని ఇతనూ పక్కనపెట్టేశాడు. అచ్చం తండ్రి లాగే!

ఓ రోజు అలెక్స్ అతని ఇంటికొస్తుంది. వెంట బిల్లీ అనే అల్లరి పిల్ల. మంత్రాలు తెలుసు, అదుపు తెలియదు. ఆ పిల్లకి చదువు చెప్పాలి. మాంత్రికుల లోకంలో ఎంతోమంది గురువులున్నారు. సర్వశక్తులూ చేతిలో ఉన్న అలెక్స్ మాత్రం వచ్చి తట్టింది, మంత్రాలు మానేసిన అన్న తలుపే.